ఊంచీపుల్ దిగిన ఎండాకాలం

డెబ్బై ఎనిమిది ఎండాకాలమంతా మా ఇంట్లో పొద్దున లేవగానే ఒకటే మాట. నిన్న డబ్బా ఎన్ని అడుగులు జరిగింది?

డబ్బా అంటే చేతిలో పట్టుకునేది కాదు. మా పెంకుటింటి కంటే ఎత్తైన సిమెంటు పెట్టె, రెండు వైపులా నోరు తెరుచుకుని ఉండేది. రైలు కట్ట పక్కనే పెద్ద గొయ్యి తవ్వి, అందులోనే దాన్ని పోతపోశారు. దాని వెనక జాకీలు పెట్టి, కట్ట లోపలికి కొంచెం కొంచెంగా నెడుతున్నారు. ముందు నుంచి మనుషులు మట్టి తవ్వి తీస్తుంటారు, వెనక నుంచి జాకీలు నెడుతుంటాయి, పైన రైళ్లు తిరుగుతూనే ఉంటాయి. మొత్తం అరవై అడుగులు. డబ్బా కట్టకు అవతల తేలిన రోజున అదే సొరంగం. అప్పుడు పట్టాల మీది పాత ఎత్తు వంతెన ఊంచీపుల్‌ను పడగొడతారు.

ఊంచీపుల్ మా బస్తీకి దారీ అదే, శత్రువూ అదే. మొఘల్‌పురా, పత్తర్‌గట్టి, ఆసుపత్రి, బడి, అన్నీ పట్టాలకు అవతల. మేము ఇవతల. కట్టే ఎత్తు, ఆ ఎత్తు మీంచి పోయే వంతెన ఇంకెంత ఎత్తుండాలి! బస్సు సగం ఎక్కి ఆగిపోతే అందరం దిగి వెనక నడిచేవాళ్లం. కిందటి వానల్లో దాని అంచు పెళ్ల ఒకటి ఊడి పట్టాల మీద పడింది. ఆ రోజు నుంచి బస్సులు బందు. రిక్షాలు కూడా ఖాళీగా ఎక్కాలి. మోకాళ్లు సాగని ముసలివాళ్లు ఇవతలే ఉండిపోయారు.

అందుకే సొరంగమంటే బస్తీకి పండుగ. మా ఇంటికి రెండు పండుగలు. డబ్బా ఎక్కడ మొదలై ఎక్కడ తేలాలో చూపించే నక్షా గీసింది నేను. ఆ పైన పట్టాలను కాచేది మా బాపు సీమోను. ఆయన గ్యాంగు మేస్త్రి. పన్నెండు మంది మనుషులతో ఆ ముక్క లైను ఆయన చేతిలో ఉండేది. డబ్బా పని ఉన్నన్ని రోజులు రైళ్లు ఆ చోట మెల్లగా పోవాలి. బాపు పట్టాలు తడిమి చూసి, జెండా ఊపితేనే బండి కదలాలి.

నాకు అప్పుడు ఇరవై ఒకటి. డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్ నౌకరి, టెంపరరీ. పాత సర్వే నక్షాల మీద ట్రేసింగ్ కాగితం పరిచి, పెన్నుతో కొత్తగా దించడం నా పని. మా బస్తీ నక్షా నా చేతికే వచ్చిన రోజు నేను సంతోషం పట్టలేక అన్నం తినలేదు.

*

మొదటిసారి డబ్బాను నెట్టిన రోజు బస్తీ మొత్తం గొయ్యి చుట్టూ చేరింది. ఇంజనీరు అమరనాథ్ సార్ డబ్బా పక్క గోడ మీద సుద్దతో గీత గీశారు. కోస్తా నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు, ఎండకు ముక్కు ఎర్రగా కందిపోయింది. ఆయన చెయ్యి దించగానే జాకీలు మూలిగాయి.

"జరిగిందా?"

"ఏం జరగలే."

"ఆగుండ్రి, సూడనియ్యుండ్రి!"

మూలుగు ఆగింది. సుద్దగీత నేల మీది మేకును దాటి బెత్తెడు ముందుకు పోయి ఉంది.

"జరిగింది! జరిగిందిరో!" అని ఒక్క కేక. ఈలలు. మల్లన్న అనే మట్టి తవ్వే మనిషి తలపాగా విప్పి గాలిలోకి విసిరాడు. మా అమ్మ సుందరమ్మ బాపుకు సద్ది తెచ్చి అక్కడే నిలబడి ఉంది.

"బెత్తెడు జరిపెటందుకు గింత లొల్లా?" అన్నది అమ్మ. అన్నదే గానీ కళ్లు మాత్రం డబ్బా మీంచి తియ్యలేదు.

అంతలో పైన కూత. ప్యాసింజరు బండి వస్తోంది. అందరం తలలెత్తి కట్ట వైపు చూశాం. బాపు కట్ట మీద వంగి పట్టా మీద అరచెయ్యి పెట్టాడు, నిలబడ్డాడు, పచ్చ జెండా చాచాడు. ఇంజను మనిషి నడిచినంత మెల్లగా, పొగ వదులుతూ గొయ్యి పక్కనుంచి పోయింది. కిటికీల్లోంచి జనం కిందికి తొంగి చూశారు. చివరి పెట్టె దాటగానే బాపు మా వైపు తిరిగి ఒక్కసారి తలాడించాడు. ఇంట్లో కూడా రెండు మాటల కంటే ఎక్కువ మాట్లాడని మనిషి. ఆ తల ఊపు నాకోసమేనని నాకు తెలుసు.

అప్పటి నుంచి రోజూ అదే వరుస. రోజుకు రెండడుగులు, మహా అయితే మూడు. ఆఫీసు నుంచి రాగానే నేను సంచీ పడేసి గొయ్యి దగ్గరికి పరుగు.

*

గొయ్యికి పక్కింటి ఆమె ఖైసర్ బేగం. డెబ్బై దాటిన ముసలామె. హుస్సేనీ ఆలంలో ఆమె చెల్లెలుంది. మధ్యలో రెండు మైళ్లు కూడా లేదు. కానీ ఊంచీపుల్ ఎక్కలేక నాలుగేళ్లుగా ఆ చెల్లెలి మొహం చూడలేదు. రోజంతా గుమ్మం ముందు పీట వేసుకుని డబ్బానే చూస్తూ కూర్చునేది. ఒక గురువారం సాయంత్రం నన్ను పిలిచింది.

"రాహేలూ, ఇటు రా బేటీ. నక్షా నువ్వే గీసినవంట గదా. నాకు సమజ్ చెయ్యి. ఈ సురంగ్ ఎక్కడికెల్లి పోయి ఎక్కడ తేల్తది?"

పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిలుతో గీసి చూపించాను. ఇది కట్ట, ఇవి పట్టాలు, ఇది ఊంచీపుల్, ఇది మీ ఇల్లు అమ్మాజాన్, ఇదిగో ఇట్లా పోతుంది డబ్బా. ఆమె కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మరి బౌలి ఏది?"

"ఏం బౌలి అమ్మాజాన్?"

"అరే, బౌలి! పెద్ద బావి. పట్టాలు రాకముందు గక్కడనే ఉండె. నాకు అయిదేండ్లు. తొంగి చూస్తుంటే మా దాదీ చెంప మీద ఒక్కటి కొట్టింది, ఇప్పటికీ యాద్ ఉంది. కట్ట పోసేటప్పుడు రాళ్లు, మట్టి, ఏది దొరికితే అది ఏసి మూసిండ్రు."

"ఎక్కడుండె?"

ఆమె పాన్‌దాన్‌లోంచి ఒక వక్క తీసి నా బొమ్మ మీద పెట్టింది. అది సరిగ్గా డబ్బా దారి మధ్యలో కూర్చుంది.

నేను పెన్సిలు కింద పెట్టేశాను. మతిమరుపు ముసలామె ఏదో అన్నదని కాదు. ఆ చోట నాకు ఒకటి గుర్తుంది. పాత నక్షా గుడ్డకు అంటించిన కాగితం. వాన నీళ్లు తగిలి ఎక్కడ చూసినా గోధుమరంగు మరకలే. ఆ మరకల మధ్య ఒకటి కొంచెం గుండ్రంగా ఉండింది. నేను దాన్ని మరక అనుకునే వదిలేశాను.

*

మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ శివయ్య సార్. నాకు పెన్ను పట్టడం నేర్పింది ఆయనే. "గీత గుంజేటప్పుడు చెయ్యి ఆపకు, ఊపిరి ఆపు" అనేవారు. మొదటి రోజే చెప్పారు, "పెన్ను గీసింది తియ్యి. నీళ్లు గీసింది ఇడిచిపెట్టు." నేను గీసిన ప్రతి నక్షా కింద సరిచూసినట్టు ఆయన సంతకం ఉంటుంది. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతారు.

శుక్రవారం పొద్దున్నే పాత నక్షా తీయించి భూతద్దం పెట్టి చూశాను. అది మరక కాదు. సన్నటి పెన్నుతో గీసిన సున్నా. సిరా వెలిసి మరకల రంగులో కలిసిపోయింది. దాని కింద ఇంకా సన్నగా ఏవో వంకరలు.

"సార్, ఒక్కసారి చూడుండ్రి."

శివయ్య సార్ భూతద్దం తీసుకుని వంగారు. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా చూశారు. చాలాసేపు చూశారు.

"నీళ్ల మరకమ్మా."

"కింద అక్షరాల్లెక్క ఉన్నయి సార్. ఉర్దూ కావచ్చు."

"ఉర్దూల చదువుకున్నోణ్ని. అక్షరాలైతే నేను చదవనా?" అన్నారు. ఏడాదిలో మొదటిసారి ఆయన గొంతు లేచింది. బల్లల దగ్గర వాళ్లు తలెత్తి చూశారు. "మరక. పో, పని చూస్కో."

పెద్దాయన మరక అన్నారు. నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. తప్పు చెయ్యలేదు, నౌకరి పోదు, అంతే చాలు అనుకుంటూ నక్షా చుట్టబోయాను. మళ్లీ విప్పాను. ట్రేసింగ్ కాగితం చిన్న ముక్క చింపి ఆ వంకరల మీద పరిచాను. ఊపిరి ఆపి, ఉన్నవి ఉన్నట్టు దించాను. ఒక చుక్క, ఒక కొక్కెం, నిలువుగీత, కామా లాంటిది ఒకటి, చివర వెనక్కి తిరిగిన తోక. వాటిలో ఒక్కదానికీ నాకు అర్థం తెలియదు. ఆ ముక్కను టిఫిన్ డబ్బాలో దాచి ఇంటికి తెచ్చాను.

బాపు కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అమ్మ జొన్నరొట్టె పెడుతోంది. బాపు నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివాడు. కాగితం ఆయన ముందు పెట్టాను.

"బాపూ, ఇది ఏమన్న అక్షరమేనా, ఉత్త గీతలా?"

ఆయన ఎడమచేత్తో తీసుకుని దీపం వైపు పట్టాడు. "ఉల్టా ఉంది" అన్నాడు. ట్రేసింగ్ కాగితం రెండు వైపులా ఒకేలా కనబడుతుంది. నేను వెనక వైపు పెట్టాను. తిప్పాడు. దుకాణం బోర్డు చదివినంత తేలిగ్గా చదివాడు.

"బౌలి."

అమ్మ చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది. నేను అంతా చెప్పాను. బేగం మాట, వక్క, పాత నక్షా, వదిలేసిన సున్నా.

"ఎన్ని అడుగుల కాడ?" అని అడిగాడు బాపు.

"ముప్పై."

"ఇయ్యాల్టికి ఇరవై ఏడు అయింది."

అమ్మ నా పక్కన కూలబడింది. "శివయ్య సారే మరక అన్నడంటివి గదనే. గంత పెద్ద సారు చెప్పినంక నీకేంది? నువ్వే ఇడిచిపెట్టినవని తెలిస్తే నౌకరి ఉంటదా?"

"ఆ డబ్బల పదిమంది మన్ను తవ్వుతుండ్రు సుందరీ" అన్నాడు బాపు. మెల్లగానే అన్నాడు. రొట్టె తుంచుకుని తినడం పూర్తి చేశాడు. చెయ్యి కడుక్కుంటూ నాతో అన్నాడు, "పొద్దుగాల నా ఎంబడి రా."

*

శనివారం మేము వెళ్లేసరికి జాకీల వాళ్లు సిద్ధంగా ఉన్నారు. మల్లన్న వాళ్లు గడ్డపారలు పట్టుకుని డబ్బా లోపలికి దిగుతున్నారు. అమరనాథ్ సార్ నా చేతిలో ముక్క చూసి నవ్వాలో కోప్పడాలో తెలియనట్టు చూశారు.

"టిఫిన్ డబ్బాలో కాగితం తెచ్చి పని ఆపమంటావా? బావి ఉంటే డ్రాయింగులో ఉండాలి కదా. డ్రాయింగులో లేదే!"

"నేనే ఇడిచిపెట్టిన సార్."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "దాని కింద హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సంతకం ఉంది. ఆయన సరిచూశారు. మరి ఆయనకు కనబడలేదా?"

నేను ట్రేసింగ్ ముక్కను మళ్లీ ఆయన ముందుకు చాచాను. శివయ్య సార్ నిన్న ఏమన్నారో మాత్రం బయటపెట్టలేదు.

"సార్, ఒక్క గంట ఆపుండ్రి" అన్నాడు బాపు.

"సీమోనూ, జూన్ నెత్తి మీదికి వచ్చింది. వాన పడితే ఈ గొయ్యి చెరువవుతుంది. ఒక ముసలామె మాటకు, ఈ కాగితం ముక్కకు నేను పనాపితే పైవాళ్లకు ఏం చెప్పను?"

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నేను ఆయన చోట ఉంటే అదే అనేదాన్ని. జాకీల మనిషి చెయ్యెత్తి సార్ సైగ కోసం చూస్తున్నాడు.

అప్పుడు గొయ్యి గట్టు మీద రిక్షా ఆగింది. చంకలో పొడుగాటి రేకు గొట్టంతో శివయ్య సార్ దిగారు. మెట్టు మీద కాలు వేసే ముందు చెప్పు అంచుతో తడిమి చూసుకుంటున్నారు. ఒక్కో మెట్టూ అట్లాగే తడుముతూ దిగారు. ఆయన అట్లా నడవడం ఆఫీసులో నేను ఎన్నిసార్లు చూశానో. వయసు అనుకున్నాను.

"పాత నక్షా తెచ్చిన సార్" అన్నారు అమరనాథ్ సార్‌తో. "ఈ పిల్ల నిన్న నాకు చూపెట్టింది. నేను మరక అన్న." గొట్టం ఆయన వైపు చాచారు. "నాకు మరక కూడ కనవడలే సార్. ఏడాది సంది కనవడ్తలేదు. సంతకం మాత్రం పెడుతున్న."

అమరనాథ్ సార్ గొట్టం తీసుకుని, నక్షాను సిమెంటు బస్తాల మీద పరిచారు. నేను వేలు పెట్టి చూపించాను. ఆయన జేబులోంచి స్కేలు తీసి కొలిచారు. రెండోసారి కొలిచారు.

"మల్లన్నా! అందరూ బయటికి రండి. పనిముట్లు అక్కడే వదిలెయ్యండి. సువ్వ తెండి, పొడుగుది."

డబ్బా ముందు మట్టిలోకి ఆరడుగుల ఇనుప సువ్వను సమ్మెటతో దించారు. మొదటి చోట ఖణ్‌ఖణ్‌మని కొడితే గానీ జానెడు దిగలేదు. రెండో చోటా అంతే. మూడో చోటా అంతే. అమరనాథ్ సార్ నా వైపు చూశారు. నాలుగోది ఎడమ పక్క కొంచెం పైన. ఒక్క దెబ్బ. సువ్వ మల్లన్న చేతుల్లోంచి జారి తనంతట తానే సగానికి పైగా లోపలికి పోయింది. ఆ కన్నంలోంచి చల్లటి, పాచి వాసన గాలి బయటికి వచ్చింది.

"సీమోనూ, ప్యాసింజరు ఎంత దూరంలో ఉంది?" అన్నారు అమరనాథ్ సార్.

జవాబుగా కూత వినబడింది.

యాభై ఆరేళ్ల మనిషి అట్లా పరుగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. పచ్చ జెండా కింద పడేసి, ఎర్ర జెండా చేతిలో పట్టుకుని కట్ట ఎక్కి, స్లీపర్ల మీద రెండేసి దాటుకుంటూ బండికి ఎదురు పోయాడు. నేను ఆగలేకపోయాను. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి వెనకే కట్ట ఎక్కాను. గొయ్యి చుట్టూ చేరిన జనం కూడా కట్ట మీదికి వచ్చి "రోకో! రోకో!" అని చేతులూ తువ్వాళ్లూ ఊపుతున్నారు. బ్రేకులు కీచుమన్నాయి. ఇంజను గట్టిగా ఆవిరి చిమ్మి, బాపుకు పది గజాల దూరంలో నిలబడింది.

డ్రైవరు దస్తగీర్ తల బయటికి పెట్టాడు. "క్యా హువా సీమోన్ భాయ్?"

బాపు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. "బౌలి" అన్నాడు.

"బౌలి? పట్టాల కింద బౌలి ఏంది?"

కింద గుమ్మం ముందు పీట మీంచి ఖైసర్ బేగం లేచి నిలబడింది. బస్తీ మొత్తానికి వినబడేట్టు అరిచింది. "నేను చెప్పలేదా! నిన్న గాక మొన్ననే చెప్పిన!"

*

రెండు రోజులు ఆ లైన్లో రైళ్లు నడవలేదు. కట్ట మీంచి గొట్టాలు దించి సిమెంటు పాలు పోశారు. పోస్తూనే ఉన్నారు. ఆ బావి పదకొండు రోజులు తాగింది. పూడిక అంతా గుల్ల. పైన ఆరడుగుల మట్టి మాత్రం గట్టిపడి కప్పులా నిలబడి ఉందట, అరవై ఏళ్లుగా రైళ్లు దాని మీంచే పోతున్నాయట. డబ్బా అంచు తగిలితే ఆ కప్పు నిలిచేది కాదు. ఇదంతా అమరనాథ్ సార్ మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని చెప్పారు. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది గానీ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ పొద్దునే నా నౌకరి పోయింది.

టెంపరరీ నౌకరి నెలాఖరుకు ముగిసింది, పొడిగించలేదు. కారణమేమీ రాయలేదు. శివయ్య సార్ తప్పంతా తనదేనని రాసిచ్చారట, అయినా అంతే. ఆయన సెలవు పెట్టి కళ్ల ఆపరేషను చేయించుకున్నారు. చూడడానికి వెళ్తే పట్టీ కట్టిన కళ్లతోనే నవ్వారు.

"ఎవరూ? రాహేలా? అడుగు సప్పుడు పట్టి చెప్పిన. ఏడాది సంది గట్లనే నెట్టుకొచ్చిన గదమ్మా."

ఇంట్లో ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. బాపు మూడో రోజు సాయంత్రం పలక కొనుక్కొచ్చాడు. "కూసో" అన్నాడు. ఉర్దూ అక్షరాలు. అలిఫ్, బే, పే. రెండు మాటల కంటే ఎక్కువ మాట్లాడని మనిషి రోజూ గంటసేపు నాకు పాఠం చెప్పాడు. బడిలో తనను కొట్టిన పంతులు సంగతులు చెప్పాడు, నవ్వాడు. పలకకు అవతల కూర్చుని కూరగాయలు తరుగుతూ అమ్మ నాకంటే ముందు నేర్చేసుకుంది. ఆమెకు తెలుగు అక్షరాలే రావు.

"గిదేమో పడవ కింద చుక్క, బే. గింత తెలుస్తలేదానె?" అనేది.

జూన్ మొదటి వారంలో అమరనాథ్ సార్ మళ్లీ వచ్చారు. "సొరంగానికి రెండు వైపులా దిగుడు రోడ్లు వెయ్యాలి. అక్కడ ఇంకేం పూడ్చారో ఏ కాగితంలోనూ లేదు. ఇల్లిల్లూ తిరిగి, పెద్దవాళ్లను అడిగి, కొలిచి రాసేవాళ్లు కావాలి. ఎండలో పని. నీకు ఉర్దూ వచ్చా?"

"వస్తున్నది సార్" అన్నాను.

అమ్మ లోపలి నుంచి మళ్లీ మజ్జిగ తెచ్చింది. ఈసారి అల్లం వేసింది.

*

జూన్ పద్నాలుగున డబ్బా అవతల తేలింది. మబ్బు పట్టి ఉంది. ఏ నిమిషాన వాన పడుతుందోనని అందరికీ ఒకటే ఆత్రం. ముందు గోడలో పళ్లెమంత మట్టి రాలి వెలుతురు పడింది. ఆ కన్నంలోంచి అవతలి వాళ్లెవరిదో చెయ్యి లోపలికి వచ్చి తడుముకుంటోంది. మల్లన్న ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఊపాడు.

"అన్నా, సలాం! మేం వచ్చినం!"

అవతల నుంచి కేకలు, ఇవతల నుంచి కేకలు. మధ్యలో ఉన్న మట్టి వాటికే కూలిందేమో అనిపించింది.

నెల తర్వాత దారి తెరిచారు. ఆ వారంలోనే రైళ్ల వేగం మీది ఆంక్ష ఎత్తేశారు. పది గంటల బండి మూడున్నర నెలల తర్వాత మొదటిసారి పూర్తి వేగంతో పోతుందని బాపు చెప్పాడు. కట్ట మీద జెండా పట్టుకుని ఆయన నిలబడితే, కింద సొరంగంలో నేనూ అమ్మా నిలబడ్డాం. ఖైసర్ బేగం కూడా కొత్త దుపట్టా వేసుకుని రిక్షాలో వచ్చింది. హుస్సేనీ ఆలం పోతోంది. రిక్షా ఆపించి, "బండి పోయినంక పోత" అన్నది.

కూత. ముందు గోడల్లో సన్నటి వణుకు. తర్వాత నెత్తి మీద ఉరుము లాంటి మోత. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"రాహేలూ, నక్షాల ఇంకేం ఇడిచిపెట్టలే గదా?"

నాకు నవ్వాగలేదు. జవాబు చెప్పినా ఆ మోతలో వినబడేది కాదు. పెట్టె తర్వాత పెట్టె, అన్నీ పోయాయి. కప్పు నుంచి ఒక్క ఇసుక రేణువు కూడా రాలలేదు. ఖైసర్ బేగం రిక్షావాలా వీపు తట్టింది. "చలో, చలో! నా చెల్లె ఎదురు చూస్తుంటది." రిక్షా గంట కొట్టుకుంటూ అవతలి వెలుతురులోకి పోయింది.

బాపు కట్ట మీంచి గబగబా దిగి వచ్చాడు. ఒగరుస్తున్నాడు. "ఎట్లుండె? కింద ఎట్లుండె?" అని అడిగాడు. ముప్పై నాలుగేళ్లు పట్టాల మీద నడిచిన మనిషి, బండి తన నెత్తి మీంచి పోవడం ఒక్కసారీ ఎరగడు.

"చెప్తే ఎట్ల తెలుస్తది బాపూ? ఇంకో బండికి నువ్వే కింద నిలబడు. జెండా నేను పట్టుకుంట."

"రూలు ఒప్పుకోదు బిడ్డా" అన్నాడు. జెండా వైపు చూశాడు, కట్ట వైపు చూశాడు. పైనున్న తన రెండో మనిషిని కేకేసి పిలిచి జెండా అతని చేతికిచ్చాడు. వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, కప్పు వైపు తలెత్తాడు.

దూరంగా ఎదురు బండి కూత వేసింది.